విశ్రాంతివాసమునకు పట్టణనిర్ణయము



ఉద్యోగవిరమణానంతరము ఏ యూర స్థిరపడవలయునను చర్చ మనలో పెక్కురి యిండ్లయందు జరుగుచున్నది. పూర్వులు గృహభారమును పుత్రుల కప్పగించి కాశీవాసమునకు పోవుచుండిరి. నేడు కొందరు గోదావరీతీరమున రాజమహేంద్రవరమును, కొందరు తిరుపతిని, కొందరు బిడ్డలున్న హైదరాబాదును కోరుచున్నారు. తీర్థమహిమను గాని, పుత్రవాత్సల్యమును గాని కాదనను. ఒక్కటే విన్నపము: ఈ నిర్ణయము భర్త యొక్కడు చేయదగినది కాదు.

మన వివాహములలో వధువు సాధారణముగా వరునికంటె చిన్నది. స్త్రీల యాయుర్దాయమును పురుషులకంటె నధికము. కావున ఆ యూర కడపటి యేండ్లు ఒంటరిగా గడుపవలసినది తరచు భార్యయే. అచ్చటి భాష యామెకు వచ్చునా? వైద్యాలయమునకును, అంగడికిని తనంతట పోగలదా? రాత్రివేళ పిలిచిన పలుకు నిరుగుపొరుగు కలదా? లేనిచో నది పుణ్యక్షేత్రమైనను మనకు నివాసయోగ్యము కాదు.

ఇక ధనవిషయము. బ్యాంకుఖాతా యిద్దరి పేరను ఉండవలెను. పింఛను కాగితములయందు భార్య పేరు సరిగా నున్నదో లేదో ముందే చూచుకొనుడు. ఉన్న యింటిని బిడ్డలకు ఊరక దానపత్రము వ్రాసి తరలిపోవలదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టము 23వ సెక్షను ననుసరించి, పోషింపవలెనను షరతుతో నిచ్చిన యాస్తిని, పోషింపని పక్షమున, ట్రిబ్యునలువారు తిరిగి యిప్పింపగలరు. కావున ఆ షరతును పత్రమునందు స్పష్టముగా వ్రాయింపుడు. వ్రాయించుట బిడ్డలయం దవిశ్వాసము కాదు. వెనుక మిగులు తల్లికి రక్ష.

ఊరు నిర్ణయించుటకు ముందు గృహిణి నడుగుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.