18 నిండితే ఆట మానాలా?



బడిలో ఉన్నంతకాలం మన పిల్లలకు డ్రిల్లు మాస్టారి ఈల వినబడుతుంది. 18 నిండాక ఆ ఈల ఉండదు. కుర్రవాడు వీధి చివరికైనా బండి మీదే పోతాడు. అర్ధరాత్రిదాకా హోటల్లో చాయ్, సిగరెట్టు. ఆడపిల్లకైతే అంతకుముందే "పెద్దదానివయ్యావు, ఆటలేమిటి?" అంటారు. ఈ వయసులో పడ్డ అలవాట్లే తర్వాత చక్కెర జబ్బును, రక్తపోటును తెచ్చిపెడతాయి.

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు వడిగా నడిచేటంత శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. ఫజర్ నమాజు కాగానే మళ్ళీ పడుకోకుండా నడిస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో మన దేశపు ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో బాక్సింగులో ప్రపంచ విజేత అయింది. అందరూ పతకాలు తేనక్కరలేదు. ఒంట్లో సత్తువ మాత్రం అందరికీ కావాలి.

మేము కోరేది రెండే. సంఘం ఆవరణలో రోజూ ఒక గంట ఆడపిల్లల ఆటలకు కేటాయించండి. పిల్లలకు చెప్పి ఊరుకోక, తల్లిదండ్రులు తామూ వెంట నడవండి.