అరటి వేరు చెంత మిత్రులు, శత్రువులు
(ప్రసంగ పాఠము)



కొవ్వూరు అనగానే గోదావరియు, లంకలలోని అరటి తోటలును మనకు స్ఫురించును. అయితే అమృతపాణి నాటిన రైతులలో పలువురకు ఒక కష్టము అనుభవమే. గెల వేయవలసిన చెట్టు ముదురాకులు అంచులనుండి పసుపువారి, కాడవద్ద విరిగి వ్రేలాడును. కాండము మొదలు చీలును. దుంప కోసి చూచిన ఎర్రని చారలు కనిపించును. ఇదియే పనామా తెగులు.

దీనికి మూలము ఫ్యుజేరియం అను శిలీంధ్రము. అది పిల్లవేళ్లలో ప్రవేశించి, నీరు పైకెక్కు నాళములను మూసివేయును. నేలలో దశాబ్దముల తరబడి బ్రతుకును. మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అను రకమును 1960 ప్రాంతమునకు ఎగుమతి తోటలనుండి దాదాపు తుడిచిపెట్టినది ఇదియే. తెగులు ముదిరిన చెట్టును బ్రతికించు మందు నేటికిని లేదు.

కాని నేలలో శత్రువులే కాదు, మిత్రులును గలరు. ప్రయోగశాలలో ఒక గాజు పళ్లెములో ఒకవైపు ఫ్యుజేరియమును, మరొకవైపు ట్రైకోడెర్మా అను మేలు శిలీంధ్రమును పెంచి చూతురు. ట్రైకోడెర్మా వేగముగా వ్యాపించి, శత్రువునకు చోటును, ఆహారమును దక్కనీయదు. దాని పోగులను చుట్టుకొని కరగించును. వేరునంటి పెరిగి మొక్కలోని రక్షణశక్తిని మేల్కొలుపును. అయినను పళ్లెములో గెలిచినదెల్ల పొలములో గెలువదు. అందుచేతనే కుండీలలోను, పిదప తోటలలోను పరీక్షించుట అవసరము. అరటి సాగులో సందేహములున్న వారు కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన స్థానమును సంప్రదింపవచ్చును.

ఈ మిత్రుని తెగులు రాకమునుపే నేలలో నిలుపవలెను. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీరు చిలకరించి, నీడలో కప్పియుంచి, వారము పది దినముల తరువాత మొక్కల మొదళ్లలో వేయవలెను. అది ప్రాణమున్న వస్తువు. పొట్లముపై గడువు తేదీ చూడవలెను, ఎండ తగులనీయరాదు, శిలీంధ్రనాశక మందులతో కలుపరాదు.

ఇక పంచాయతీ బాధ్యత. తెగులు పిలకలతోను, మట్టితోను, పారు నీటితోను ప్రాకును. తోట ఒకరిదైనను కాలువ ఊరందరిది. చచ్చిన చెట్లను కాలువలో వేయనీయకుడు. ఆరోగ్యమైన తోటల పిలకలనే కొనుడని చాటింపు వేయించుడు. తెగులు సోకిన నేలలో వరితో పంట మార్పిడి చేసిన దాని బలము తగ్గును. తన తోటలో తెగులు కనిపించినదని ముందుగా చెప్పిన రైతును వెలివేసినట్లు చూడక, మెచ్చుకొనుడు. అతడు దాచినచో నష్టము ఊరిదే.

వేరు చెంతనున్న మిత్రుని శాస్త్రము చూపినది. అతనిని నిలుపుకొనుట మన చేతిలో నున్నది.