స్టార్టరు చెప్పు మాట

బొగ్గుగనిలో పనిచేయువారికి చెవి విలువ మేము వేరుగా చెప్పనక్కరలేదు. పని మొదలుకాక మునుపు మైనింగ్ సర్దారు గని పైకప్పును కర్రతో తట్టి చూచును. ఖంగుమన్నచో బండ గట్టిగా ఉన్నదనియు, బోలుగా మ్రోగినచో ఊడిపడవచ్చుననియు గ్రహించును. బెల్లంపల్లి వంటి గనుల పట్టణమున ఇది కొత్త విద్య కాదు. ఇంటిముందరి కారు విషయమునను ఇట్లే చెవియొగ్గినచో, నడిరాత్రివేళ రోగిని మంచిర్యాల ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినపుడు అది మొరాయించు ప్రమాదము చాలవరకు తప్పును. స్టార్టరు మోటారు చెప్పకుండ చెడుట అరుదు. దాని మాట మనము విననిదే ఎక్కువ.

పూర్వము ఇంజనును చేతిపిడితో త్రిప్పెడివారు. ఇంజను ఎదురుతన్నినచో మణికట్టు విరిగెడిది. 1911లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ ఈ పనిని విద్యుత్తుతో చేయు మోటారును రూపొందింపగా, 1912 నమూనా కాడిలాక్ కార్లలో అది చేరినది. మన పాత అంబాసిడర్లలో స్టార్టరు ఉన్నను చేతిపిడికి కూడ వీలుండెడిది. నేటి కార్లలో ఆ వీలు లేదు.

తాళము త్రిప్పినను, బొత్తాము నొక్కినను జరుగునది ఒక్కటే. స్వల్పవిద్యుత్తు సాలెనాయిడు అను విద్యుదయస్కాంతమునకు చేరును. అది చిన్న పండ్లచక్రమును ముందుకు నెట్టి, ఇంజనునకున్న పెద్దచక్రపు పండ్లతో కలుపును. బ్యాటరీనుండి మోటారునకు బలమైన విద్యుత్తును వదలును. ఈ ప్రవాహము సాధారణముగా 100 ఆంపియర్లకు మించును. దారిలో ఎక్కడ అడ్డు కలిగినను శబ్దము మారును.

“టక్” అని ఒక్కమారు మ్రోగి ఇంజను కదలనిచో, సాలెనాయిడు లోపలి స్పర్శస్థానములు కాలినవో, మోటారు బ్రష్‌లు అరిగినవో అనుకొనవచ్చును. “టకటక”మని వడివడిగా కొట్టుకొన్నచో దోషము తరచుగా బ్యాటరీది, లేదా దాని తీగల కొనలది. మోటారు గిర్రున తిరిగియు ఇంజను కదలనిచో చిన్నచక్రము పట్టుకొనుట లేదు. కరకరమని రాపిడి వినబడినచో పండ్లు అరిగినవి. ఆలస్యము చేసినకొలది పెద్దచక్రము కూడ చెడి, ఖర్చు పెరుగును. ఇంజను లేచిన పిదప కూడ స్టార్టరు ఆగకున్నను, కమురువాసన, పొగ వచ్చినను వెంటనే ఆపవలెను.

ఇంజను బరువుగా, ఈడ్చుచు తిరిగినపుడు తొందరపడి స్టార్టరును మార్పింపరాదు. ముందరి దీపములు వెలిగించి చూడుడు. తాళము త్రిప్పగానే అవి బాగుగా మసకబారినచో మొదట బ్యాటరీని అనుమానింపుడు. చెక్కుచెదరక వెలుగుచున్నచో సాలెనాయిడును, స్టార్టరును చూపింపుడు. నిండుగానున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను త్రిప్పునపుడు 9.6 కంటె దిగినచో బ్యాటరీని పరీక్షింపించవలెను. అది బాగుగానే ఉన్నచో, లోపల బిగుసుకొన్న స్టార్టరు మితిమీరి విద్యుత్తును లాగుచున్నదేమో చూడవలెను. తీగల కొనలకు పట్టిన తెల్లని, పచ్చని చిలుమును తుడిపించుటతోనే తీరిన చిక్కులు అనేకము.

ఋతువును కూడ గమనింపవలెను. ఆదిలాబాదు ప్రాంతపు శీతకాలపు ఉదయములందు ఇంజను నూనె చిక్కబడును, బ్యాటరీ శక్తి తగ్గును. అప్పటి మాంద్యము ఒక్కటే రోగలక్షణము కాదు. మధ్యాహ్నము కూడ అట్లే ఈడ్చినను, దూరప్రయాణము చేసి ఆపిన వేడికారు చల్లబడువరకు లేవకున్నను అది హెచ్చరికయే.

ఒక్కమారు 10 సెకండ్లకు మించి త్రిప్పరాదు. నడుమ ఒక నిమిషము విరామమీయవలెను, లేకున్న మోటారు వేడెక్కి కాలిపోవును. చేతితో గేర్లు మార్చు కారును నలుగురు తోసి రెండవ గేరులో లేపవచ్చును. తానే గేర్లు మార్చుకొను కారునకు ఈ ఉపాయము పనికిరాదు. స్టార్టరును చిన్న కర్రతో తట్టినపుడు ఒక్కొక్కసారి కారు లేచును. అది బాగుపడుట కాదు, గడువు దొరకుట మాత్రమే. ఆ గడువులోనే కారును మెకానిక్కు వద్దకు తీసికొనిపోవుట వివేకము. రేపు తోయుటకు నలుగురు దొరకుదురని నమ్మకమేమున్నది?