తాళం పడిన ఇల్లు, సెలవిచ్చిన హాస్టలు

నిరాశ్రయత అనగానే రైల్వే ప్లాట్‌ఫారమో ఫుట్‌పాతో తలపునకు వస్తుంది గాని, నౌపడ ఉప్పుమళ్ళ నుంచి వజ్రపుకొత్తూరు మీదుగా సాగే తీరంలో చదువుకొనే పిల్లల విషయంలో అది ఎక్కువగా తాళం వేసిన ఇంటి రూపంలోనే ఉంటుంది. జనాభా లెక్కల దృష్టిలో నిరాశ్రయ కుటుంబమంటే ఇల్లనదగిన కట్టడమేదీ లేక ఆరుబయట, రోడ్డు పక్కన, వంతెనల కింద బతికేది. తండ్రి గుజరాత్‌లోని వెరావల్‌లో బోటెక్కి, తల్లి చెన్నైలో కట్టడం పనికి పోగా, దసరాకు హాస్టల్ మూసినప్పుడు పెట్టె పట్టుకొని ఎటు పోవాలో తెలియని డిగ్రీ విద్యార్థి ఆ లెక్కకు అందడు.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తీరాన ఉన్న ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. పడిన ఇల్లు ఏడాదిలో లేస్తుందేమో గాని, కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది గనుక, ఆనాటి బడిపిల్లలు కళాశాలకు వచ్చేనాటికి వలస అలవాటైపోయింది. దీనికి తోడు, కారణం ఇంకా పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్ళలో సంపాదించే మనిషినే మంచాన పడవేసింది.

సాయం లేకపోలేదు. 2020లో మొదలైన జగనన్న వసతి దీవెన డిగ్రీ విద్యార్థికి ఏడాదికి రూ. 20,000 కేటాయించింది, కాని ఆ సొమ్ము తల్లి ఖాతాలో పడే ఏర్పాటు, తల్లి దగ్గరున్న ఇంటిని ఊహించుకొని చేసినది. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు కూడా అటువంటివే: ఇల్లున్నవాడి చేతిలో అవి కాగితాలు, లేనివాడికి గోడలు. అమెరికాలో 2007 నాటి చట్టం తల్లిదండ్రుల అండలేని నిరాశ్రయ యువతను స్వతంత్ర విద్యార్థులుగా పరిగణించి, పెద్దల ఆదాయ వివరాలూ సంతకమూ లేకుండానే ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకోనిచ్చింది. ఇక్కడ ఆ మాత్రం తెగువ ఎందుకు చూపరాదో బోధపడదు.

బాలల సంరక్షణ గృహాల్లో పెరిగినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం అనంతర సంరక్షణను, అంటే 18 ఏళ్ళు నిండి గృహం విడిచాక అందే ఆర్థిక, ఇతర తోడ్పాటును, 21 ఏళ్ళ వరకు నిర్దేశించింది. 18వ ఏట ఇంజనీరింగులో చేరినవారికి ఆఖరి ఏడాది మొదలయ్యేసరికే ఆ గడువు తీరిపోతుంది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్ళు పొడిగించేందుకు నిబంధనల్లో వీలున్నా, అడగాలని తెలిసినవారికే అది ఉపయోగం.

బడి వయసు పిల్లలకోసం వలస కాలపు సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. ఆ ఆలోచన కళాశాల గడప తొక్కలేదు. ఆ లోటు పూడ్చగల దాతల సొమ్ము ఉన్నా, తమవారి పేరిట వారు కళాశాలల్లో నెలకొల్పే స్మారక నిధులు బంగారు పతకాలకు చేరినంత సులువుగా మెస్ బిల్లులకు చేరవు. టెక్కలిలో ఒకటి, పలాసలో ఒకటి చొప్పున వసతిగృహాలను దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లోనూ తెరిచి ఉంచడానికి కావలసినది బియ్యం, కరెంటు, ఒక వంటమనిషి, ఒక కాపలాదారు. ఇటువంటి నిధులు ముందుగా చూడవలసిన పద్దు అదే.