గురువు దాచిన లోపం

కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2005లో విడుదల చేసిన వీడియో గేమ్ ‘జేడ్ ఎంపైర్’. చైనా గాథల ఛాయల్లో అల్లిన కల్పిత సామ్రాజ్యం అది. అక్కడ టూ రివర్స్ అనే పల్లెలో మాస్టర్ లీ మనల్ని పసితనం నుంచీ పెంచి యుద్ధవిద్య నేర్పుతాడు. ఆయన్ని ఎత్తుకుపోతే, విడిపించడానికి చక్రవర్తితోనే తలపడతాం. గెలిచిన మరుక్షణం ఆ గురువే మనల్ని చంపేస్తాడు!

నేర్పిన విద్యలోనే కావాలని ఒక లోపం ఉంచాడు మరి. మన పోరులో ఏదో తేడా ఉందని దారిలో కొందరు అంటూనే ఉంటారు. మనం పట్టించుకోం, గురువు మీద గురి అలాంటిది. ఈ ఒక్క మలుపు కోసమైనా ఆ రచయితలకు చేతులెత్తి మొక్కాలి. చావు నుంచి తిరిగొచ్చి గురువు ఎదుట నిలిస్తే, రాజ్యం బాగు కోసం లొంగిపొమ్మంటాడు. ఒప్పుకుంటే ఆట అక్కడితో సరి.