శిబిరంలో విన్న పేర్లు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విదేశంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం ఎలా దొరుకుతుందో చెప్పమని సంఘం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. అది తొందరగా చెప్పేస్తాం. థాయ్‌లాండ్ అయితే డిగ్రీ ఉండాలి, ఇంగ్లీషు బాగా వచ్చని కాగితం చూపించాలి, పని చేసుకునే వీసా, పర్మిట్ ఉండాలి. టూరిస్టు వీసా మీద వెళ్ళి పాఠాలు చెప్పుకోవచ్చని ఏ ఏజెంటు అన్నా నమ్మకండి. మిగతాది భోజనాల దగ్గర అడగండి. ఇప్పుడు మాత్రం అక్కడ మా ఆఖరి నెల సంగతి చెప్పాలని ఉంది.

మేము భార్యాభర్తలం చియాంగ్ రాయ్ కొండల్లో ఒక బడిలో రెండేళ్ళు పనిచేశాం. పిల్లల్లో ఎక్కువమంది అఖా, లాహు తెగల వాళ్ళు. ఇంట్లో ఒక భాష, బడిలో థాయి, ఆ పైన మేము మోసుకెళ్ళిన ఇంగ్లీషు. మన కథే కదా అనుకున్నాం. అనుకుని ఏం చేశామంటారా? క్లాసులో ఇంగ్లీషు కాక వేరే మాట వినబడితే ఐదు బాత్‌లు జరిమానా అని బల్ల మీద ఒక రేకు డబ్బా పెట్టాం. చిన్నప్పుడు హాస్టల్లో మా నోటి నుంచి కోయ మాట వస్తే నవ్విన వాళ్ళని ఇప్పటికీ మరచిపోని మేమే పెట్టాం. హెడ్మాస్టరు చెప్పలేదు. ఆ ఆలోచన మాదే.

థాయి బడుల్లో స్కౌటు కూడా ఒక తప్పనిసరి పాఠమే. 1911లో వజిరావుధ్ రాజు మొదలుపెట్టాడు. స్కౌటుని వాళ్ళ భాషలో పులిపిల్ల అంటారు. వారానికోసారి ఆ యూనిఫాం, ఏడాదికోసారి శిబిరం. అక్కడ చదువుల సంవత్సరం మార్చిలో అయిపోతుంది కాబట్టి ఫిబ్రవరి శిబిరమే మాకు వీడ్కోలు అయింది. డబ్బా తెరిచి లెక్కపెడితే నాలుగు వందల చిల్లర ఉన్నాయి. వాటితో శిబిరానికి కోళ్ళు కొన్నారు. వాళ్ళ జరిమానాతో వాళ్ళకే విందు. మేమూ తిన్నాం.

ఆ సాయంత్రం వెదురు బొంగుల్లో బియ్యం పోసి నిప్పుల మీద పెట్టారు. కణుపు ఎక్కడ నరకాలో మాకు తెలుసని చూసి పిల్లలు నివ్వెరపోయారు. రెండేళ్ళలో అడగని మాట అప్పుడు అడిగారు: మీ ఊరూ అడవిలోనేనా టీచర్?

రాత్రి చలిమంట చుట్టూ ఒక్కో జట్టు ఒక ఆటో పాటో చూపించాలి. మా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఇంగ్లీషు రాదు, జరిమానా కట్టడు; అసలు నోరే తెరవడు కదా. వాడు లేచి నిలబడి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పక్కపిల్లలు మాకు విడమరిచి చెప్పారు. అఖాలలో తండ్రి పేరు చివరి మాట కొడుకు పేరుకి మొదటి మాట అవుతుంది. అలా గొలుసులా పాత తాతల దగ్గర్నుంచి కిందికి దిగుతారు. ముప్పై దాటాక మాకు లెక్క తప్పింది. వాడు తడుముకోలేదు. చిట్టచివరి పేరు వాడిదే. హాజరు పట్టీలో ఉన్నది థాయి పేరు. రెండేళ్ళు ఆ పేరుతోనే పిలిచాం, అసలు పేరు ఆ రాత్రే విన్నాం.

కూర్చోబోతూ మా వైపు తిరిగి "టీచర్, యువర్ టర్న్" అన్నాడు. వాడి నోట మేము విన్న మొదటి ఇంగ్లీషు వాక్యం అది.

ఇంటిపేరు చెప్పాం, గట్టు చెప్పాం, వేల్పు చెప్పాం. పేర్ల దగ్గరికొచ్చేసరికి మాలో ఒకరు తాత దగ్గర, ఇంకొకరు ముత్తాత దగ్గర ఆగిపోయాం. పిల్లలు ఇంకా ఉన్నాయేమోనని చూస్తూ కూర్చున్నారు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

మనకి చెప్పేవాళ్ళు లేక కాదు. పడిగె పట్టుకుని, డోలి కొట్టి మన గట్ల కథ రాత్రంతా చెప్పే డోలి వాళ్ళున్నారు. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడు మేమూ ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్నాం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పిన కథ మాత్రం ఒక్క రాత్రీ కూర్చుని వినలేదు.

శిబిరం నుంచి వచ్చాక డబ్బా మళ్ళీ బల్ల మీద పెట్టలేదు. పిల్లలు ఎక్కడుందని అడగలేదు. ఇంగ్లీషు వద్దని చెప్పడానికి మేము రాలేదు, తమ్ముళ్ళూ. ఈ రెండేళ్ళు మాకు తిండి పెట్టింది అదే.

ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకం కొన్నాం. మా నాయనమ్మ దగ్గర కూర్చుంటే ఇప్పటికి ఒక వైపు ఆరు తరాల పేర్లు వచ్చాయి. ఏడోది తనకి గుర్తు లేదట, వాగు అవతలి ఊళ్ళో ఒక ముసలాయనకి తెలుసంటోంది. ఈ ఆదివారం అక్కడికి వెళ్తున్నాం. ఆయనకి వినికిడి తక్కువట, గట్టిగా అడగాలి.