దుఃఖమునకు చోటు

పరామర్శకు వెళ్ళినవారు ఎక్కువగా మాట్లాడరాదని మన పెద్దలు చెప్పుదురు. ప్రక్కన కూర్చుండి, ఎదుటివారి దుఃఖమునకు చోటిచ్చిన చాలును. స్మారక నిర్మాణములకు కూడ ఈ మర్యాదయే తగునని నా మనవి.

విజయస్తంభము ఘనతను చాటును. దానికి ఎత్తు అవసరము. కాని, కొడుకును పోగొట్టుకొన్న తల్లి వచ్చి నిలుచు చోటికి ఆ ఎత్తుతో పనియేమి?

అమెరికా రాజధాని వాషింగ్టనులో వియత్నాం యుద్ధమృతుల స్మారకము కలదు. దానికై జరిగిన పోటీకి 1,421 నమూనాలు వచ్చినవి. 1981లో వానినుండి ఎన్నికైనది మాయా లిన్ అను 21 ఏండ్ల విద్యార్థిని నమూనా. అందులో విగ్రహము లేదు, స్తంభము లేదు. నేలలోనికి ఒదిగిన రెండు నల్లరాతి గోడలు, వానిపై పేర్లు, అంతే. ఇది అవమానచిహ్నమని మాజీ సైనికులు కొందరు మండిపడినారు. 1982లో గోడ పూర్తియైనది. రాజీ కొరకు 1984లో ముగ్గురు సైనికుల కంచు విగ్రహమును సమీపమున నిలుపవలసి వచ్చినది.

అయినను, జనులు చేతులు చాచి తడుముచున్నది ఆ గోడనే. అందు 58,000కు పైగా పేర్లు కలవు. అవి అకారాదిగా గాక, మరణించిన క్రమములో ఉన్నవి. సూచిక చూడనిదే పేరు దొరకుట కష్టమే. కాని ఒకే దినమున ఒరిగిన స్నేహితులు ఆ రాతిపై చేరువగా ఉన్నారు. కొసలయందు జానెడైనను లేని గోడ, బాట దిగినకొలది పెరిగి, నడుమ పది అడుగులగును. మెరుగుపెట్టిన రాతిలో పేర్ల నడుమ చూపరికి తన ముఖమే కనిపించును. కొందరు కాగితమునుంచి, పెన్సిలుతో రుద్ది, తమవాని పేరును ఇంటికి తీసికొనిపోవుదురు.

మన రాజఘాట్ కూడ ఇట్టిదే. మహాత్ముని 1948 జనవరి 31న దహనము చేసిన చోట నల్లని రాతివేదిక, దానిపై 'హే రామ్' అను రెండు మాటలు, పైన ఆకాశము. పాదరక్షలు విడిచి అడుగిడినవానికి మాట దానంతటదే తగ్గును.

కనుక, మన ఊళ్ళలో స్మారకము కట్టదలచినవారు ఎత్తెంత, ఖర్చెంత అని లెక్కించుటకు ముందు మరికొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఇచటికి వచ్చిన వృద్ధురాలు ఎక్కడ కూర్చుండును? ఆమెకు నీడ కలదా? తన బిడ్డ పేరు ఆమె చేతికి అందునా? ఎవరి కంటను పడక కన్నీరు తుడుచుకొనుటకు చాటున్నదా? వీనికి సమాధానము దొరికినచో, ఆ కట్టడము నిజముగా పరామర్శించినట్లే.